సర్ విలియం గ్రోవ్: రెండు విద్యుద్ఘటముల జనకుడు

ఒక వస్తువును కనిపెట్టి కీర్తి గడించిన శాస్త్రజ్ఞులు లోకమున పెక్కుమంది కలరు. కాని ఒకే సంవత్సరములో రెండు వస్తువులను కనిపెట్టినవారు మిక్కిలి అరుదు. వానిలో ఒకటి కనిపెట్టినవాని కన్నుల యెదుటనే దేశాంతరములకు వ్యాపించి, రెండవది ఆయన మరణానంతరము కూడ అరువది యేండ్లకు పైగా ప్రయోగశాలలు దాటక యుండుట మరింత అరుదు. అట్టి విచిత్ర భాగ్యము కలిగినవాడు సర్ విలియం రాబర్ట్ గ్రోవ్ మహాశయుడు. ఆయన జీవితమును మా విద్యార్థులకు సంగ్రహముగా పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఎక్కడి గ్రోవ్, ఎక్కడి పాలమూరు అని కొందరు ప్రశ్నింపవచ్చును. దానికి కారణము చెప్పెదము. మహబూబ్‌నగర్ పట్టణ సమీపమున దివిటిపల్లి వద్ద 2023 మే 6వ తేదీన అమరరాజా సంస్థవారి లిథియం ఘటముల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. పది సంవత్సరములలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, ఏటా 16 గిగావాట్ అవర్ల వరకు ఘటముల ఉత్పత్తి లక్ష్యములుగా ప్రకటింపబడినవి. అదే సంవత్సరము జనవరి 4వ తేదీన కేంద్ర మంత్రివర్గము 19,744 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ హరిత హైడ్రోజన్ పథకమును ఆమోదించినది. ఈ రెండు వార్తలను ప్రక్కప్రక్కన చదివిన విద్యార్థులు మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. రేపు హైడ్రోజన్‌తో నడుచు కార్లు వచ్చినచో బ్యాటరీ కార్లు మూలబడవా? అప్పుడు బ్యాటరీల కర్మాగారమును నమ్ముకొని చదువు నేర్చినవారి గతి ఏమి?

ఈ ప్రశ్న మనకు కాలక్షేపము కొరకైనది కాదు. పాలమూరు కూలీల చెమట చుక్క పడని ఆనకట్ట ఈ దేశమున అరుదని పెద్దలు చెప్పుదురు. తట్ట, పార చేతబట్టి ఊళ్లకు ఊళ్లే వలసపోయిన జిల్లా ఇది. అట్టి జిల్లాలో ఒక తల్లి తన కుమారుని ఏ విద్యకు పంపవలెనో నిర్ణయించుకొను వేళ, ఏ పరిశ్రమ నిలుచును, ఏది నిలువదు అనునది ఆమె ఇంటి పొయ్యికి సంబంధించిన మాట. అందువలననే ఆ రెండు విద్యలకును మూలపురుషుడైన గ్రోవ్ వద్దకు పోయి సమాధానము వెదకుట మేలని తలచినాము.

విలియం గ్రోవ్ 1811 జూలై 11వ తేదీన వేల్స్ సీమలోని స్వాన్సీ పట్టణమున జన్మించినాడు. ఆ దినములలో స్వాన్సీ రాగి కరగించు కొలుములకు, నేలబొగ్గుకు పేరుపొందిన రేవుపట్టణము. తండ్రి జాన్ గ్రోవ్ ఆ ప్రాంతమునకు మేజిస్ట్రేటు. బాలుడు ఇంటి వద్దనే ఉపాధ్యాయుల యొద్ద చదివి, పిదప ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములోని బ్రేజ్‌నోజ్ కళాశాలలో చేరి 1832లో పట్టభద్రుడైనాడు. తరువాత లండన్ నగరమున న్యాయశాస్త్రము నేర్చి 1835లో బారిష్టరుగా నమోదైనాడు.

కాని శరీరము సహకరింపలేదు. అనారోగ్యము వలన న్యాయవాద వృత్తి సాగక, తీరిక దొరికినది. ఆ తీరికను ఆయన వ్యర్థము చేయలేదు. చిన్ననాటి నుండి ఇష్టమైన రసాయన, విద్యుత్ ప్రయోగములను చేపట్టినాడు. 1835లోనే స్వాన్సీలో ఒక సాహిత్య విజ్ఞాన సంఘము ఏర్పడుటకు తోడ్పడినాడు. 1837లో ఎమ్మా పౌల్స్ అను వనితను వివాహమాడినాడు. పెద్ద ప్రయోగశాల కాని, జీతము గల ఆచార్య పదవి కాని అప్పటికి ఆయనకు లేవు. ఉన్నవి కొన్ని గాజు గొట్టములు, కొన్ని ఆమ్లములు, ప్లాటినం రేకులు, అన్నిటిని మించి ఓపిక.

ఆయన కనిపెట్టిన మొదటి ఘటమును గూర్చి చెప్పెదము. ఇటలీ దేశస్థుడైన వోల్టా 1800లో విద్యుద్ఘటముల దొంతరను ప్రకటించినది మొదలు, విడువక ప్రవహించు విద్యుత్తు శాస్త్రజ్ఞుల చేతికి వచ్చినది. అయితే ఆ ప్రవాహము కొద్దిసేపటికే క్షీణించెడిది. 1836లో డేనియల్ దానిని కొంత సరిదిద్దినాడు. గ్రోవ్ 1839లో మరియొక అడుగు ముందుకు వేసినాడు. జింకు రేకును నీరు కలిపిన గంధకామ్లములో నిలిపి, ప్లాటినం రేకును గాఢమైన నత్రికామ్లములో నిలిపి, రెంటి నడుమ సన్నని రంధ్రములు గల మట్టిపాత్రను అడ్డుగా ఉంచినాడు. డేనియల్ ఘటము సుమారు 1.1 వోల్టుల బలమును ఇయ్యగా గ్రోవ్ ఘటము సుమారు 1.9 వోల్టుల బలము ఇచ్చినది. ప్రవాహము కూడ మిక్కిలి అధికము. పారిస్ విజ్ఞాన పరిషత్తులో దీనిని ప్రకటించుటతో ఆయన పేరు ఐరోపా అంతట వినబడినది. మరుసటి సంవత్సరమే, ఇరువది తొమ్మిదేండ్ల ప్రాయమునకే, రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది.

ఈ ఘటము అట్లాంటిక్ మహాసముద్రమును దాటినది. అమెరికాలో తంతి తీగలు క్రొత్తగా వేయబడుచున్న కాలమున వానికి శక్తినిచ్చినవి చాలవరకు గ్రోవ్ ఘటములే. అయితే దానికి రెండు దోషములు కలవు. ప్లాటినం బంగారమువలె ఖరీదైనది. నత్రికామ్లము నుండి వెలువడు ఎఱ్ఱని పొగ ఊపిరితిత్తులకు హానికరము. 1841లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బున్సెన్ ప్లాటినమునకు బదులు కర్బనమును వాడి ఖర్చు తగ్గించినాడు. తంతి పని పెరిగిన కొలది, 1860 తరువాత, పొగ లేనివి, చవుకైనవి, నిలుకడగా పనిచేయునవి అయిన ఘటములు గ్రోవ్ ఘటమును తంతి కార్యాలయముల నుండి తొలగించినవి. గెలిచిన వస్తువు కూడ శాశ్వతముగా గెలువలేదు.

ఇక రెండవ ఘటము. నీటిలో విద్యుత్తును ప్రసరింపజేసినచో నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని అను రెండు వాయువులగునని అప్పటికే తెలిసియుండెను. ఉదజని అనగా మనము నేడు హైడ్రోజన్ అని పిలుచునదే. ఆమ్లజని ఆక్సిజన్. నీటిని విడదీయుటకు విద్యుత్తు వ్యయమైనచో, ఆ రెంటిని మరల కలిపినప్పుడు విద్యుత్తు ఏల తిరిగి రారాదని గ్రోవ్ ఆలోచించినాడు. ఆమ్లపు నీటిలో రెండు గాజు గొట్టములను బోర్లించి, లోపల ప్లాటినం రేకులు నిలిపి, ఒకదానిలో ఉదజనిని, రెండవదానిలో ఆమ్లజనిని నింపినాడు. రేకులను తీగతో కలిపినంతనే విద్యుత్తు ప్రవహించినది. గొట్టములలో వాయువు తరుగుచు నీటిమట్టము మెల్లగా పైకి లేచినది. 1839లో ఈ సంగతిని క్లుప్తముగా తెలిపినాడు. 1842లో ఇట్టి ఘటములను యాభై జతగూర్చి వాయు బ్యాటరీగా వివరించినాడు. చేతులు కలుపుకొని నిలిచిన ఐదుగురికి దాని విద్యుదాఘాతము తగిలినది. ఇంచుమించు అదే కాలమున స్విట్జర్లాండులో షోన్‌బైన్ కూడ ఈ తత్త్వమును గుర్తించినాడు. వీరిరువురు పోటీపడుటకు మారుగా మిత్రులై చిరకాలము ఉత్తరములు వ్రాసికొన్నారు. ఇది విద్యార్థులు గమనింపదగిన విషయము.

ఉదజని అను మన తెలుగు పేరులోనే నీటిని పుట్టించునది అను అర్థము కలదు. గ్రోవ్ ఘటములో ఆ పేరు సార్థకమైనది. పొగ లేదు, మసి లేదు; మిగులునది నీరు మాత్రమే. దీనినే నేడు ఇంధన ఘటము అనుచున్నాము.

మరి ఇంత చక్కని వస్తువు ఏల నిద్రపోయినది? గ్రోవ్ స్వయముగా ఆ లోపమును పసిగట్టినాడు. వాయువు, ఆమ్లపు నీరు, ప్లాటినం అను మూడును ఒక్కచోట తాకినప్పుడే చర్య జరుగును. మన ఊరి చెరువును తలచుకొనిన ఇది సులభముగా బోధపడును. చెరువు ఎంత విశాలమైనను, నేల, నీరు, గాలి మూడును కలియునది గట్టు వెంబడి నున్న సన్నని అంచునందు మాత్రమే. గ్రోవ్ గొట్టములోను అట్టి సన్నని అంచు మాత్రమే పనిచేసినది. కావున విద్యుత్తు స్వల్పముగా లభించినది. ఆ అంచును వేయిరెట్లు పెంచు ఉపాయము దొరకువరకు ఇంధన ఘటము వేచియుండవలసి వచ్చినది.

1840 తరువాత కొన్ని సంవత్సరములు గ్రోవ్ లండన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడుగా ఉపన్యాసములిచ్చినాడు. బొగ్గుగనుల దేశమున పుట్టినవాడగుట చేత, గనిలోని వాయువు అంటుకొనకుండ వెలుగునిచ్చు ప్లాటినం తీగ దీపమును 1845లో సూచించినాడు. 1846లో భౌతిక శక్తుల పరస్పర సంబంధమును గూర్చి ఆయన రచించిన గ్రంథము వెలువడినది. ఉష్ణము, కాంతి, విద్యుత్తు, అయస్కాంతత్వము, రసాయన చర్య, చలనము అను ఇవి వేరువేరు కావనియు, ఒకటి మరియొకటిగా మారగలదనియు, శూన్యము నుండి ఏదియు పుట్టదనియు అందు ప్రతిపాదించినాడు. మరుసటి సంవత్సరము హెల్మ్‌హోల్ట్జ్ లెక్కలతో స్థాపించిన శక్తి నిత్యత్వ సూత్రమునకు ఇది చేరువైన భావము. 1874 నాటికి ఆ గ్రంథము ఆరు ముద్రణలు పొందినది.

ఆ గ్రంథము వచ్చిన నాటికి కుటుంబము పెరిగినది, ఆదాయము చాలలేదు. గ్రోవ్ తిరిగి న్యాయస్థానమునకు వెళ్లినాడు. 1847లో రాయల్ సొసైటీ పతకము పొందినాడు. బిరుదులున్న ప్రభువులకు కాక పరిశోధన చేసినవారికే సభ్యత్వము దక్కునట్లు ఆ సొసైటీ నిబంధనలను సంస్కరించుటలో ముందు నిలిచినాడు. 1853లో రాణి న్యాయవాది హోదా లభించినది. ఛాయాచిత్రకళకు ఆద్యుడైన టాల్బట్ పక్షమున 1854లో పేటెంటు వ్యాజ్యమున వాదించినాడు. 1856లో దేశమంతట సంచలనము కలిగించిన పామర్ విషప్రయోగ విచారణలో ముద్దాయి పక్షపు న్యాయవాదులలో ఒకడుగా ఉన్నాడు. 1866లో బ్రిటిష్ విజ్ఞాన సంఘమునకు అధ్యక్షత వహించినాడు. 1871లో న్యాయమూర్తి, 1872లో సర్ బిరుదాంకితుడు అయినాడు. పేటెంటు వ్యాజ్యము తన యెదుటికి వచ్చినప్పుడు, తీర్పు సంగతి మరచి ఆ యంత్రమును ఎట్లు మెరుగుపరచవచ్చునో చెప్పబోయెడివాడని చెప్పుకొనెడివారు. 1887లో పదవీ విరమణ చేసి, 1896 ఆగస్టు 1వ తేదీన లండన్‌లో కన్నుమూసినాడు.

గ్రోవ్ వెళ్లిపోయిన పిదప ఆయన రెండవ సంతానము కథ మొదలైనది. ఆయన జీవించియుండగనే, 1889లో, మోండ్, లాంగర్ అను వారు దానికి మెరుగులు దిద్దినారు కాని ఖర్చు తగ్గలేదు. ఆంగ్లేయ ఇంజనీరు ఫ్రాన్సిస్ బేకన్ 1932 నుండి శ్రమించి 1959లో 5 కిలోవాట్ల ఇంధన ఘటమును నడిపి చూపినాడు. సన్నని రంధ్రములతో నిండిన నికెల్ పలకలను వాడుట వలన, మేము పైన చెప్పిన చెరువు అంచు కొన్ని వేల రెట్లు పెరిగినది. అదే సంవత్సరము అమెరికాలో అలిస్ చామర్స్ సంస్థ ఇంధన ఘటములతో ఒక ట్రాక్టరును పొలములో నడిపించినది. బేకన్ పద్ధతిని అనుసరించిన ఘటములే చంద్రునికి పోయిన అపోలో నౌకలకు విద్యుత్తును, వ్యోమగాములకు త్రాగునీటిని ఇచ్చినవి. 1966లో జనరల్ మోటార్స్ సంస్థ ఒక వ్యానును, 2014లో టయోటా సంస్థ మిరాయ్ అను కారును ఇంధన ఘటములతో తెచ్చినవి. మన ఇస్రో 2024 జనవరి 1వ తేదీన పంపిన రాకెట్టు పైన 100 వాట్ల ఇంధన ఘటమును అంతరిక్షమున పరీక్షించినది.

ఇప్పుడు విద్యార్థుల ప్రశ్నకు వత్తము. రెండు కార్లును విద్యుత్ మోటారుతోనే నడుచును. భేదమంతయు ఆ విద్యుత్తును దాచు విధమున కలదు. శక్తి ఒక రూపము నుండి మరియొక రూపమునకు మారగలదని గ్రోవ్ బోధించినాడు. మారిన ప్రతిసారి కొంత ఉష్ణముగా జారిపోవునని తరువాతివారు లెక్కగట్టినారు. మన నల్లగొండ జిల్లా వారికి నాగార్జునసాగరము తెలిసినదే. అచ్చటి విద్యుత్ యంత్రములలో కొన్ని క్రింది నీటిని మరల పైకి తోడి నిలువజేయగలవి. అట్టి పద్ధతిలో 100 యూనిట్లు వెచ్చించి తోడిన నీటి నుండి సుమారు 75 లేక 80 యూనిట్లు తిరిగి వచ్చును. బ్యాటరీ కారు లెక్క కూడ ఇంచుమించు అంతే. విద్యుత్ కేంద్రమున బయలుదేరిన 100 యూనిట్లలో 75 వరకు చక్రమునకు చేరును. హైడ్రోజన్ కారులో మొదట నీటిని విడదీయవలెను. పిదప ఆ వాయువును గాలి ఒత్తిడికి 700 రెట్ల ఒత్తిడితో తొట్టిలో కూరవలెను. పిదప ఇంధన ఘటములో దానిని మరల విద్యుత్తుగా మార్చవలెను. ప్రతి మెట్టున సుంకము చెల్లించి చివరకు చక్రమునకు చేరునది 30 యూనిట్లకు అటునిటుగా మాత్రమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల లక్ష్యముతో నిర్మించిన యాదాద్రి కేంద్రమున మండునది బొగ్గే కదా, ఆ విద్యుత్తుతో నడుచు బ్యాటరీ కారు స్వచ్ఛమైనదెట్లని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని అదే విద్యుత్తుతో హైడ్రోజన్ తయారుచేసినచో అంతే దూరమునకు రెట్టింపునకు మించి బొగ్గు కాల్చవలసి వచ్చును. నీటి సంగతియు ఇట్టిదే. ఒక కిలో హైడ్రోజన్‌కు కనీసము 9 లీటర్ల నీరు కావలెను. పరిమాణము పెద్దది కాదు, కాని ఆ నీరు మిక్కిలి పరిశుద్ధమై ఉండవలెను. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తొలగించు పద్ధతి మన నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధి చెందినది. నీటిని శుద్ధి చేయుట ఎంతటి శ్రమయో మన జిల్లా వారికి వేరుగా చెప్పనక్కర లేదు.

ప్రపంచము కూడ తన తీర్పును కొంతవరకు చెప్పినది. 2023లో లోకమంతట అమ్ముడుపోయిన విద్యుత్ కార్లు సుమారు 1 కోటి 40 లక్షలు. హైడ్రోజన్ వాహనములు 20 వేలకు లోపే. హైడ్రోజన్ కారునకు సుగుణములు లేకపోలేదు. అయిదు నిమిషములలో తొట్టి నిండును, బరువు తక్కువ, దూరము ఎక్కువ. కాని దినమునకు ముప్పది నలువది కిలోమీటర్లు తిరుగు సామాన్య గృహస్థునకు, రాత్రి ఇంటి వద్దనే బ్యాటరీ నింపుకొనగలవానికి, ఆ సుగుణముల అవసరము స్వల్పము. కావున సామాన్య కారు విషయమున హైడ్రోజన్ బ్యాటరీని తొలగించునని మేము తలపము.

అట్లని హైడ్రోజన్ విద్య వ్యర్థమని ఎవరును భ్రమపడరాదు. నల్లగొండ వరిపొలములకు చల్లు యూరియాకు మూలము అమ్మోనియా, అమ్మోనియాకు మూలము హైడ్రోజన్. రామగుండము ఎరువుల కర్మాగారమున నేడు ఆ హైడ్రోజన్ సహజవాయువు నుండి లభించుచున్నది. ప్రపంచమున తయారగు హైడ్రోజన్‌లో అత్యధిక భాగము ఇట్లు సహజవాయువు, బొగ్గుల నుండి వచ్చునదే. దానిని సూర్యరశ్మితోను, గాలితోను పుట్టిన విద్యుత్తుతో తయారుచేయుట, ఉక్కు కొలుములకు, ఓడలకు, బహుశః దూరప్రయాణపు లారీలకు అందించుట గొప్ప కార్యము. విశాఖపట్టణ సమీపమున పూడిమడక వద్ద 2025 జనవరి 8వ తేదీన శంకుస్థాపన జరిగిన హరిత హైడ్రోజన్ కేంద్రము అట్టి ఉద్దేశ్యముతోనే తలపెట్టబడినది. బ్యాటరీ చేయలేని పని హైడ్రోజన్‌కు కలదు; బ్యాటరీ చక్కగా చేయుచున్న పనిని లాగికొనుటలో దానికి గౌరవము లేదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! దివిటిపల్లి కర్మాగారమును చూచి బ్యాటరీ విద్యను నేర్వగోరువారు నిస్సంకోచముగా నేర్వుడు. కాని ఒక్క కర్మాగారపు ఒక్క పనిని మాత్రమే నేర్చి తృప్తి చెందకుడు. గ్రోవ్ మొదటి ఘటము ఇరువది యేండ్లు ఏలి తొలగిపోయినది. ఆయన రెండవ ఘటము నూట ఇరువది యేండ్లకు మేల్కొన్నది. నేడు వాడుకలోనున్న లిథియం ఘటము కూడ రేపు మరియొక లోహపు ఘటమునకు చోటు ఇయ్యవచ్చును. తొలగిపోనిది ఆ రెంటికిని అడుగున నున్న రసాయనశాస్త్రము. రేకు, ఆమ్లము, వాయువు కలిసినచోట ఏమి జరుగునో తెలిసినవానికి బ్యాటరీ కర్మాగారమున చోటు కలదు, హైడ్రోజన్ కర్మాగారమున చోటు కలదు, ఇంకను పేరు పెట్టని పరిశ్రమలోను చోటు కలదు.

న్యాయవాదిగా కుటుంబమును పోషించుకొనుచు, తీరిక వేళల గాజు గొట్టములతో లోకమునకు మేలుచేసిన గ్రోవ్ మహాశయుని జీవితము మన బీద విద్యార్థులకు ధైర్యము కలిగించుగాక. మన తాతలు తట్టలు మోసి కట్టిన ఆనకట్టల నుండి విద్యుత్తు పుట్టినది. ఆ విద్యుత్తును దాచు విద్య వారి మనుమల చేతిలో, వారి మనుమరాండ్ర చేతిలో, ఈ గడ్డమీదనే వికసించవలెనని మా ఆకాంక్ష.